పోరాటం మధ్యలో మంత్రగాడి సామగ్రి సంచిని దొంగిలించనివ్వాలా?

ప్రశ్న

మేము బల్ల చుట్టూ కూర్చుని, పాత్రలు ధరించి డైస్ వేస్తూ ఆడే డంజన్స్ అండ్ డ్రాగన్స్ 5వ ఎడిషన్‌ను 2014 నాటి నియమాలతో ఆడుతున్నాము. కథను నడిపి, శత్రువులను ఆడించే డంజన్ మాస్టర్‌ను నేనే. రెండు వారాల క్రితం ఒక పోరాటంలో మా రోగ్ (చేతివాటం, చురుకుదనం గల పాత్ర) పాత్రధారి కత్తితో పొడవకుండా, "వాడి నడుముకు వేలాడుతున్న సంచిని తాడు కోసి లాక్కుంటాను" అన్నారు. శత్రువు ఒక విజార్డ్, అంటే మంత్రగాడు. ఈ ఆటలో చాలా మంత్రాలకు సంచిలోని సామగ్రి గాని, దాని బదులు ఫోకస్ అనే దండం, స్ఫటికం వంటి వస్తువు గాని కావాలి. అతని చేతిలో దండం గాని స్ఫటికం గాని లేవనీ, ప్రతి మంత్రానికీ వేళ్లు ఆ సంచిలోకే వెళ్తున్నాయనీ అంతకు ముందే నేను వర్ణించి ఉన్నాను కాబట్టి, అంత శ్రద్ధగా విన్న ఆటగాడిని కాదనడానికి నాకు మనసొప్పలేదు. స్లైట్ ఆఫ్ హ్యాండ్ (చేతివాటం) చెక్, అంటే డై అంకెకు నైపుణ్యాన్ని కలిపి చూసే పరీక్ష, వేయమన్నాను, 23 వచ్చింది. విజార్డ్ పాసివ్ పర్సెప్షన్ (డై వేయకుండానే గమనించే శక్తికి ఉండే అంకె) 12 మాత్రమే కావడంతో సంచి చేతులు మారింది, తరువాతి టర్నులో పడవలసిన ఫైర్‌బాల్ అనే అగ్ని మంత్రం పడలేదు.

అసలు చిక్కు పోయిన వారం వచ్చింది. అదే పద్ధతిలో ఒక గోబ్లిన్ మా జట్టులోని విజార్డ్ సంచిని లాక్కుపోయేసరికి, ఆ ఆటగాడు డైస్ పక్కన పెట్టేసి మిగిలిన గంటసేపు దాదాపు మాట్లాడలేదు. తన పాత్రకున్న బలమంతా ఒక్క డైతో పోయిందని ఆయన బాధ, అందులో న్యాయం ఉందని నాకూ అనిపిస్తోంది. ఇకపై ఇలాంటి ప్రయత్నాన్ని పూర్తిగా వద్దనాలా, లేక నేను అడిగిన చెక్‌లోనే తప్పుందా?

జవాబు 1

వద్దనకండి. మీరు పోల్చిన అంకె సరైనది కాదని నా అభిప్రాయం. గుంపులో తెలియకుండా జేబు కొట్టేటప్పుడు పాసివ్ పర్సెప్షన్‌తో పోల్చడం సబబే, ఎందుకంటే అక్కడ పట్టుబడతాడా లేదా అన్నదే తేలాలి. ఎదురెదురుగా నిలబడి ప్రాణాల కోసం పోరాడుతున్న మనిషి మాత్రం మీ రోగ్ చేయి తన నడుము మీదికి రావడాన్ని చూస్తూనే ఉంటాడు. ఆ చేతిని ఆపగలడా లేదా అన్నది తేలాలి.

పోరాటంలో దొంగతనానికి ఆ ఎడిషన్ ఆటగాళ్ల పుస్తకంలో ప్రత్యేకమైన నియమం లేదు. అయితే డంజన్ మాస్టర్ పుస్తకంలో ఐచ్ఛిక నియమంగా ఉన్న డిజార్మ్ (చేతిలోనిది జారవిడిపించడం) ఇక్కడ చక్కని నమూనా అవుతుంది. దాని ప్రకారం దాడి చేసేవాడు అటాక్ రోల్ (దాడికి వేసే డై) వేస్తాడు, ఎదుటివాడు అథ్లెటిక్స్ (బలం) గాని అక్రోబాటిక్స్ (చురుకుదనం) గాని చెక్ వేస్తాడు, ఓడితే చేతిలోని వస్తువు కింద పడుతుంది, గాయమేమీ కాదు. అది చేత పట్టుకున్న వస్తువులకు రాసిన నియమం. నడుముకు కట్టిన సంచి విషయంలో అటాక్ రోల్ బదులు స్లైట్ ఆఫ్ హ్యాండ్ వేయించి, ఎదుటి పక్షానికి మాత్రం ఆ రెండు చెక్‌లనే ఉంచండి.

మీ రోగ్ థీఫ్ ఉపవర్గానికి చెందినవాడైతే, 3వ స్థాయిలో వచ్చే ఫాస్ట్ హ్యాండ్స్ వల్ల దీన్ని బోనస్ యాక్షన్‌గా (టర్నులోని ప్రధాన చర్యకు అదనంగా) చేయనివ్వాలి. ఆ ఉపవర్గాన్ని ఎంచుకున్నందుకు దక్కవలసిన ఫలం అది. గోబ్లిన్‌తో సహా మిగిలిన వారెవరికైనా పూర్తి యాక్షన్ ఖర్చు కావాలి.

జవాబు 2

పాత్‌ఫైండర్ అనే ఇలాంటి మరో ఆట మొదటి ఎడిషన్ ఆడినవారికి ఈ చర్చ కొత్త కాదు. పోరాటంలో దొంగ ఉనికి తెలిసిన శత్రువు నుంచి స్లైట్ ఆఫ్ హ్యాండ్‌తో ఏదీ తీసుకోకూడదని ఆ ఆట మూల నియమాల్లోనే స్పష్టంగా ఉంది. ఆ లోటును పూడ్చడానికి 2010లో వచ్చిన అదనపు పుస్తకంలో స్టీల్ (దొంగిలించడం) అనే ప్రత్యేక విన్యాసాన్ని చేర్చారు. నాకు బాగా నచ్చేది అందులో వస్తువులను విడదీసిన తీరు. బెల్టులో దోపుకున్నవీ, మెడలో వదులుగా వేలాడేవీ తేలికగా వస్తాయి; సంచుల వంటి బిగించి కట్టినవాటికి ఎదుటివాడి రక్షణ అంకెకు 5 కలుస్తుంది; ఉంగరాలు, చెప్పులు, కవచం లాంటివి అసలే రావు. చేతిలో ఉన్నదాన్ని తీసుకోవాలంటే డిజార్మ్ చేయవలసిందే. పైగా ఆ విన్యాసంలో ప్రత్యేక శిక్షణ లేనివాడు ప్రయత్నిస్తే శత్రువుకు వెంటనే ఒక దెబ్బ కొట్టే అవకాశం దొరుకుతుంది. మీ గోబ్లిన్‌కు ఆ ప్రమాదం ఉండి ఉంటే మీ ఆటగాడికి అంత కష్టంగా తోచేది కాదేమో.

జవాబు 3

చెక్ ఏదైనా, సంచి పోయాక ఏం జరుగుతుందన్నది ఇంకా ముఖ్యమైన విషయం, అక్కడే చాలా బల్లల దగ్గర పొరపాటు జరుగుతుంది. సంచి పోయిన విజార్డ్ మంత్రశక్తి పోయినవాడు కాడు. ఫైర్‌బాల్‌కు గబ్బిలపు రెట్ట, గంధకం కావాలి, హోల్డ్ పర్సన్‌కు తిన్నని చిన్న ఇనుప ముక్క కావాలి, కాబట్టి అవి ఆగిపోతాయి. మ్యాజిక్ మిసైల్‌కూ షీల్డ్‌కూ మాట, సైగ చాలు; కౌంటర్‌స్పెల్‌కు సైగ ఒక్కటే చాలు; మిస్టీ స్టెప్‌కైతే నోటిమాట తప్ప ఏమీ అక్కర్లేదు. మీ ఆటగాడి పక్కన కూర్చుని ఆయన మంత్రాల జాబితాలో సామగ్రి అవసరం లేనివాటికి పెన్సిల్‌తో గుర్తు పెట్టించండి. ఆయన అనుకున్న దానికంటే ఎక్కువే మిగులుతాయి.

రెండవ సంచి 25 బంగారు నాణేలు, ఫోకస్‌గా పనికొచ్చే స్ఫటికం 10 మాత్రమే. అంగీ లోపల ఒక స్ఫటికం దాచుకున్న విజార్డ్‌కు ఈ దొంగతనం వల్ల పోయేది చాలా తక్కువ.

నిజంగా దెబ్బ తగిలేది ఖరీదు రాసి ఉన్న వస్తువుల దగ్గర. రివివిఫై (చనిపోయినవారిని లేపే మంత్రం) కోసం దాచిన 300 నాణేల వజ్రాలకు ఏ ఫోకస్ కూడా ప్రత్యామ్నాయం కాదు. అవి క్లెరిక్ (దైవశక్తితో మంత్రాలు వేసే పాత్ర) నుంచి పోతే ఆ రోజు చనిపోయినవాడు తిరిగి లేవడు. అందుకని శత్రువుల చేత అలాంటివి దొంగిలింపజేసేటప్పుడు దొంగ ఎటు పారిపోతున్నాడో కనిపించేలా ఆడించడం, వెంబడించడానికి దారి ఉంచడం నా అలవాటు.

ప్రశ్న అడిగినవారు

అందరికీ కృతజ్ఞతలు. నిన్న ఆట మొదలుపెట్టే ముందు ఆ ఆటగాడితో అరగంట మాట్లాడాను. స్లైట్ ఆఫ్ హ్యాండ్‌కు ఎదురుగా అథ్లెటిక్స్ లేదా అక్రోబాటిక్స్, థీఫ్ కానివారికి పూర్తి యాక్షన్, ప్రయత్నం విఫలమైతే ఎదుటివాడికి రియాక్షన్‌తో (ప్రతిచర్యగా) ఒక దెబ్బ అని నిర్ణయించుకున్నాము. చివరిది పాత్‌ఫైండర్ నుంచి కొంత మార్చి తెచ్చుకున్నది. జాబితాకు గుర్తులు పెట్టినప్పుడు ఆయన సిద్ధం చేసుకున్న 9 మంత్రాలలో 4 సామగ్రి లేకుండానే పడతాయని తేలింది, ఆయన ముఖం కాస్త తేటపడింది. గోబ్లిన్ సంచితో సహా పక్క గుహలోకి దూరిందని నేను చెప్పగానే, దాని వెనక మొదట వెళ్తానన్నది ఆయనే. కొత్తగా కొన్న స్ఫటికాన్ని మాత్రం ఎడమ చేతి మణికట్టుకు, చొక్కా చేతి లోపల కట్టుకున్నట్టు పాత్ర కాగితం మీద రాసుకున్నారు.