కాలువ లోతుకు మూడు జవాబులు: ఏది నిజం, ఏది దొంగది?

హంద్రీ_సివిల్ (కర్నూలు)
మా ల్యాబ్‌లో ఇచ్చిన లెక్క ఇది. దీర్ఘచతురస్రపు కాలువలో మీటరు వెడల్పుకు సెకనుకు 3 ఘనపు మీటర్ల నీళ్లు పోతున్నాయి. స్పెసిఫిక్ ఎనర్జీ (కాలువ అడుగు నుంచి మీటర్లలో కొలిచే నీటి శక్తి) 2 మీటర్లు. లోతెంత? సమీకరణాలు రెండే. లోతును వేగంతో గుణిస్తే 3 రావాలి. వేగం వర్గాన్ని 2జీతో (జీ అంటే గురుత్వ త్వరణం) భాగించి లోతుకు కలిపితే 2 రావాలి. సమీకరణాలకు జవాబు వెతికే పైథాన్ ఎఫ్‌సాల్వ్‌లో వేస్తే నాకు 0.57 వచ్చింది. జవాబుల కీలో 1.87 ఉంది. సాఫ్ట్‌వేర్ దొంగ జవాబు ఇచ్చిందని మార్కులు కోసేశారు. 0.57ని రెండింట్లోనూ పెట్టి చూసినా, సరిపోతోంది. ఇది తప్పెట్లయితుంది?

రిటైర్డ్_డీఈ
తప్పే నాయనా. నేను కె.సి. (కర్నూలు-కడప) కాలువ మీద ఏళ్ల తరబడి పనిచేసినవాణ్ణి. వాలు తక్కువ ఉన్న కాలువలో నీళ్లు నిండుగా, నిదానంగా పోతాయి. నీ 0.57 లోతుకు వేగం సెకనుకు 5.3 మీటర్లవుతుంది. మట్టి కట్ట ఆ వేగానికి నిలుస్తుందా? కాలువ కాపలా చూసే ఏ లష్కర్‌ని అడిగినా చెప్తాడు.

గుత్తి_రోడ్డు
జవాబు వెతికిపెట్టే ఎక్సెల్ గోల్ సీక్‌లో నాకు 1.87 వచ్చింది. పైథాన్‌దే తప్పు.

లెక్కల_సార్ (అనంతపురం)
@గుత్తి_రోడ్డు, సెల్‌లో మొదట ఏ అంకె పెట్టావు? 2 పెట్టి ఉంటావు. 0.5 పెట్టి చూడు, ఎక్సెల్ కూడా 0.57 దగ్గరికే పోతుంది.

వేగాన్ని తీసేస్తే మిగిలేది లోతులో ఘన సమీకరణం. దానికి మూడు మూలాలు: 1.87, 0.57, మైనస్ 0.43. పైథాన్ నంపైలో రూట్స్ అని అడిగితే మూడూ ఒకేసారి ఇస్తుంది. ఒక అంచనాతో మొదలుపెట్టి అడుగడుగునా దిద్దుకుంటూ పోయే న్యూటన్ పద్ధతి మాత్రం ఆ మొదటి అంచనాను బట్టి ఒకదాని దగ్గర ఆగుతుంది. అదీ దగ్గర్లో ఉన్నదే కానక్కర్లేదు. 0.1తో మొదలుపెట్టండి. ఒక అడుగుకు 1.29, రెండో అడుగుకు మైనస్ 2.87, చివరికి మైనస్ 0.43. 0.57 పక్కనే ఉన్నా దాన్ని దాటి పోయింది.

ఆ మైనస్ 0.43 కూడా సమీకరణాలను తృప్తిపరుస్తుంది. కాలువకు పనికిరాదు, అంతే. అసలైన దొంగ జవాబు వేరే ఉంటుంది. 'ఇ పవర్ మైనస్ ఎక్స్ = 0' తీసుకోండి. దీనికి జవాబే లేదు. కానీ న్యూటన్ పద్ధతిలో ఎక్స్ అడుగుకు 1 చొప్పున పెరుగుతూ పోతుంది. 7 దగ్గర ఎడమవైపు విలువ 0.001 కన్నా తగ్గుతుంది. గోల్ సీక్ మామూలుగా 0.001 తేడా చాలంటుంది, కాబట్టి దొరికిందని ఆగిపోగలదు. అట్లాంటిదాన్ని దొంగ అనండి. ఈ పిల్లవాడి 0.57ని అనకండి.

రిటైర్డ్_డీఈ
సార్, ఇ పవర్ గొడవ నాకెందుకు? 5.3 మీటర్ల వేగం సంగతి చెప్పండి.

హంద్రీ_సివిల్
మట్టి కట్ట అని లెక్కలో ఎక్కడుంది సార్? వాలు ఎంతో కూడా ఇవ్వలేదు. నా బ్యాచ్‌మేట్ మొదటి అంచనా 2 అని పెట్టినాడు. ఎందుకు పెట్టినావంటే ఊరికే అన్నాడు. వాడికి ఫుల్ మార్కులు!

బుక్కపట్నం_చెరువు
మార్కుల కోసం ఇంత టెన్షన్ ఎందుకప్పా, వదిలెయ్.

హంద్రీ_సివిల్
వదిలెయ్ అనడం సులభం. ఇంటర్నల్స్ పోయేది నావి.

రిటైర్డ్_డీఈ
మార్కులు, మార్కులు! స్క్రీన్ మీద మొదట కనపడిన అంకె పట్టుకుని సంతకాలు పెట్టేవాళ్ల వల్ల ఏమవుతుందో చూశాను కాబట్టి నాకు కోపం. ఒకచోట షట్టర్ కింద నేల కోసుకుపోకుండా వేసే గట్టి పరుపు, అంటే ఏప్రన్‌కు డిజైన్ చేసినాయన షీటులో వచ్చిన పెద్ద లోతే తీసుకున్నాడు. షట్టర్ కింద నుంచి నీళ్లు పల్చగా, విపరీతమైన వేగంతో వస్తాయి. ఏప్రన్ పొట్టిదైంది. మొదటి సీజన్‌లోనే దాని చివర నేల కోసుకుపోయింది. రైతుల తిట్లు తిన్నది మేము.

హంద్రీ_సివిల్
అంటే చిన్న లోతు నిజంగా వస్తుందని మీరే అంటున్నారు.

రిటైర్డ్_డీఈ
షట్టర్ కింద అన్నాను. నీ లెక్కలో షట్టర్ లేదు.

హంద్రీ_సివిల్
వాలూ లేదు కదా సార్. మరి 1.87 మాత్రం ఎక్కణ్ణుంచి వచ్చింది?

లెక్కల_సార్ (అనంతపురం)
ఇప్పుడు దారిలో పడ్డారు. క్రిటికల్ డెప్త్ (నిదానపు పారుదలకూ వేగపు పారుదలకూ మధ్య హద్దు లోతు) ఇక్కడ 0.97. దానికి పైన ఒక లోతు, కింద ఒక లోతు, రెండూ నిజమే. ఏది తీసుకోవాలో ఈ రెండు సమీకరణాలు చెప్పలేవు, ఆ చోటు చెప్పాలి. ప్రశ్నలో చోటు ఇవ్వకుండా ఒక్క జవాబే కీలో పెట్టినవాళ్లది తప్పు.

రిటైర్డ్_డీఈ
ప్రశ్న సగమే ఇచ్చారు, ఒప్పుకుంటా. అయితే ఫీల్డులో మాకెవరూ పూర్తి ప్రశ్న ఇవ్వలేదు. పిల్లవాడు రెండు లోతులూ రాసి, ఏది ఎక్కడ వస్తుందో ఒక్క లైను రాసి ఉండాల్సింది. నేను దిద్దితే ఆ లైనుకే మార్కులు.

హంద్రీ_సివిల్
మూడు మూలాలు, 0.97, షట్టర్ సంగతి అన్నీ రాసి సోమవారం హెచ్‌ఓడీకి ఇస్తున్నా. ఆ లైను నాకు అడిగితే 1.87 రాసిన వాళ్లందరికీ అడగాలి సార్. వాళ్లలో ఎవరూ రాయలేదు.

రిటైర్డ్_డీఈ
అడగనీ. వాళ్లకూ కోయాల్సిందే.