హ్యాపీ అంటే అదృష్టమా, సంతోషమా?

రాజోలు మాస్టారు: మొన్న అమలాపురంలో ఓ పెళ్లిలో ఒకాయన “హ్యాపీ అన్న మాటకి పుట్టుకతోనే సంతోషమని అర్థం” అని వాదించాడండి. తప్పు. పాత నార్స్ భాషలో, అంటే వైకింగుల కాలపు స్కాండినేవియా భాషలో, ‘హాప్’ అంటే మంచి అదృష్టం. 14వ శతాబ్దపు ఇంగ్లీషులో ‘హ్యాపీ’ అంటే అదృష్టవంతుడే. సంతోషమన్నది తర్వాత పట్టిన అర్థం. హ్యాపెన్, పర్‌హాప్స్ కూడా ఆ హాప్ పిల్లలే.

లంకవాసి: పర్‌హాప్స్‌లో ‘పర్’ లాటిన్ కదండీ? పిల్ల ఎలా అవుద్ది?

మాస్టారు: సగం లాటిన్, సగం నార్స్. హాప్ అందులో ఉందా లేదా?

కొబ్బరితోట: మాస్టారి మాటే కరెక్టండి. 1996 నవంబరు తుపానుకి మా తోట మొత్తం పడిపోయింది. గట్టవతల అదే వయసు చెట్లు నిలబడ్డాయి. అదృష్టం అనక ఇంకేమనాలి?

కువైట్ చెల్లెలు: మాట ఎక్కడ పుట్టిందన్నది వేరు, ఇప్పుడు ఏమంటున్నామన్నది వేరండి. ‘సిల్లీ’ పాత ఇంగ్లీషులో ధన్యుడనే మాట నుంచే వచ్చింది. ఇప్పుడు తెలివితక్కువని అర్థం, ఎవరినైనా సిల్లీ అని పిలిచి చూడండి. మన సంతోషంలో ఉన్నది ‘తుష్’ ధాతువు, అంటే తృప్తి. అందులో అదృష్టం లేదు.

లంకవాసి: సగం పిల్లని పిల్ల అనరు.

మాస్టారు: జర్మన్‌లో ‘గ్లూక్’ అంటే నేటికీ అదృష్టమూ, ఆనందమూ రెండూనమ్మా. నీకేం, కువైట్ కలిసొచ్చింది, మేడ కట్టావు. అందుకే అదృష్టం మాట చేదుగా ఉంది.

కువైట్ చెల్లెలు: కలిసొచ్చిందా! పన్నెండేళ్లు ఒకరింట్లో వంట చేశాను మాస్టారూ. నా కూతురు పెద్దమనిషైన రోజున ఫోన్‌లో ఏడ్చాను. ఊళ్లో అందరిదీ ఇదే మాట, “దానికి కలిసొచ్చింది”. నా చాకిరీ అంతా ఆ ఒక్క ముక్కతో తుడిచేస్తారా?

కొబ్బరితోట: మాస్టారూ, ఆ మాట అనకుండా ఉండాల్సింది.

మాస్టారు: మా తమ్ముడూ గల్ఫ్ వెళ్లాడు. ఏజెంటు మోసం చేస్తే నాలుగు నెలలకే అప్పుతో ఇంటికొచ్చాడు. “కష్టపడితే బాగుపడేవాడు” అన్నారు జనం. వాడు కష్టపడలేదా? అదృష్టం లేదంటే, చెడిపోయినవాడిదే తప్పని ఒప్పుకోవాలి. నేను ఒప్పుకోను.

కువైట్ చెల్లెలు: ఇది ముందే చెప్పాల్సిందండీ. మీ తమ్ముడిది దురదృష్టమనండి, తల ఊపుతాను. నా పన్నెండేళ్లకి మాత్రం ఆ పేరు పెట్టకండి.

మాస్టారు: పెట్టనమ్మా. కానీ మా వాడికి జరిగినదాన్ని ఇంగ్లీషులో ‘మిస్‌హ్యాప్’ అంటారు. అందులోనూ ఉన్నది ఆ హాపే.