కాటన్ దొర శ్లోకంలో 'స్మరామి'

నిత్య గోదావరీ స్నాన పుణ్యదో యో మహామతిః
స్మరామ్యాంగ్లేయదేశీయం కాటనుం తం భగీరథమ్

గోదావరి మీద ధవళేశ్వరం ఆనకట్ట కట్టించిన ఇంగ్లీషు ఇంజనీరు కాటన్ దొర మీది శ్లోకమిది. రోజూ గోదావరి స్నానం చేసే పుణ్యాన్ని ఇచ్చిన మహామతి, ఆంగ్లదేశపు ఆ కాటను అనే భగీరథుణ్ణి తలుచుకుంటున్నాను అని అర్థం. గోదావరి జిల్లాల్లో పెరిగినవాళ్ళకి ఇది కొత్త కాదు. ఇందులో 'కాటనుం' వ్యాకరణానికి నిలుస్తుందా అని ఒకరు అడిగారు. నిలుస్తుందనే నేననుకుంటాను. దొర పేరు ముందు మన నోట్లో 'కాటను' అయింది. చివర ఉకారం రాగానే 'గురుం', 'శంభుం' లాగా ద్వితీయా విభక్తి ('కాటనును' అని) అతుక్కుంది. 'స్మరామి + ఆంగ్లేయ' కలిసి 'స్మరామ్యాంగ్లేయ' కావడం యణాదేశం, అంటే ఇకారం యకారంగా మారే సంధి. ఛందస్సు అనుష్టుప్పు, పాదానికి ఎనిమిది అక్షరాలు, నాలుగు పాదాల్లోనూ ఐదో అక్షరం లఘువు, ఆరోది గురువు. లెక్కపెట్టి చూడండి, ఎక్కడా తప్పలేదు.

నన్ను పట్టుకున్న మాట మాత్రం 'పుణ్యదః'. ధవళేశ్వరం ఆనకట్ట పని 1847లో మొదలై 1852కి పూర్తయింది. డెల్టాలో వరి పండింది, ఊళ్ళు నిలబడ్డాయి. శ్లోకం కట్టినాయన వీటిలో దేని ఊసూ ఎత్తలేదు. రోజూ గోదావరి స్నానం చేసే పుణ్యం ఇచ్చినవాడు అన్నాడు, అంతే. ఏటికి దూరంగా ఉన్న ఊళ్ళవాళ్ళకి గోదావరి స్నానమంటే పుష్కరాలకో పర్వదినానికో బండి కట్టుకుని వెళ్ళాల్సిన పని. కాలవ తవ్వాక ఊరి రేవులోనే గోదావరి. 'నిత్య' అన్న మాట అక్కడ పుట్టింది. తనకు అందిన మేలు ఏదో ఇంత కచ్చితంగా తెలిసిన మనిషి ఆయన!

ఇక క్రియ. 'వందే' అనలేదు, 'నమామి' అనలేదు. 'స్మరామి' అన్నాడు, తలుచుకుంటున్నాను అని. 'కృతజ్ఞ'లో ఉన్నదీ అదే కదా: కృతం అంటే చేసినది, జ్ఞ అంటే ఎరిగినవాడు. మన పల్లెల్లో 'చేసిన మేలు ఎరగని మనిషి' అంటారే, ఆ 'ఎరుగు' సరిగ్గా ఈ 'జ్ఞ'. దీనికి ఎదురుమాట 'కృతఘ్న', చేసినదాన్ని చంపేసినవాడు. మరిచిపోవడాన్ని చంపడంతో సమానం చేసిందీ మాట.

మా తాతగారు కాలవలో మూడు మునకలేసి, దోసిట్లో నీళ్ళు వదులుతూ ఈ శ్లోకం చెప్పేవారు. చలికాలం తెల్లవారుజామున కూడా. రేవు మెట్ల మీద వణుకుతూ నిలబడి నేను వినేవాణ్ణి.

రెండేళ్ళ కిందట ఏ పనీ చేయబుద్ధి కాని రోజుల్లో, రోజూ పడుకోబోయే ముందు మూడు మంచి విషయాలు రాసుకోమని ఒక స్నేహితుడు చెప్పాడు. ఆరోగ్యం, ఉద్యోగం, పిల్లలు అని రాశాను. వారం తిరక్కుండానే అవి చప్పబడిపోయాయి. అప్పుడు ఈ శ్లోకం గుర్తొచ్చింది. అందులో 'యః' ఉంది, 'తం' ఉంది: ఎవడైతే ఫలానా పని చేశాడో, వాణ్ణి. నేనూ అలా రాయడం మొదలుపెట్టాను. జ్వరమొస్తే గంజి కాచి పంపిన పక్కింటావిడను తలుచుకుంటున్నాను. నాకు గుణింతాలు దిద్దించిన మాస్టారిని తలుచుకుంటున్నాను. ఒక్కో రాత్రి ఒక్క మనిషే, ఒక్క పనే. నా బతుకు ఎంతమంది చేతుల మీదుగా ఇక్కడిదాకా వచ్చిందో ఆ పుస్తకం తిరగేస్తే కనబడుతుంది. పొద్దున్నే లేవడానికి నాకది చాలుతోంది.

ఒక మనిషి పేరు పెట్టి, చేసిన పని చెప్పి తలుచుకునే శ్లోకంగానీ పాటగానీ మీ ఊళ్ళో ఉంటే రాయండి. చెరువు తవ్వించినవాళ్ళ మీద, సత్రం కట్టించినవాళ్ళ మీద ఉన్నవైతే మరీ మంచిది.