ఆశుకవి, అవధాని ఒకటేనా?

ప్రశ్న: పద్యం రాసే ప్రతివాళ్లనీ 'కవి' అనేసి వదిలేయడం నాకు మనసొప్పదు. ఆశుకవికీ అవధానికీ తేడా ఏంటి? వాగ్గేయకారుడు ఎవరు? తెలిసినవాళ్లు చెప్పండి.

జవాబు: ఒకటి కాదండీ. ఆశుకవి అడిగిన విషయం మీద అప్పటికప్పుడు పద్యం చెబుతాడు. అవధానికి అది ఒక భాగమే. అష్టావధానంలో ఎనిమిది మంది పృచ్ఛకులు, అంటే ప్రశ్నలు అడిగేవాళ్లు, ఉంటారు. వాళ్లిచ్చే అంశాల్లో ఒకటైన నిషిద్ధాక్షరి చూడండి: అవధాని ఒక్కో అక్షరం చెప్పగానే, తర్వాత ఏ అక్షరం రాకూడదో పృచ్ఛకుడు నిషేధిస్తాడు. అది తప్పించి, ఛందస్సూ అర్థమూ చెడకుండా పద్యం నడపాలి. మధ్యలో అప్రస్తుత ప్రసంగం చేసేవారు ఏకాగ్రత చెడగొడుతుంటారు. చివర్లో పద్యాలన్నీ చూడకుండా వరసగా అప్పజెప్పాలి. దాన్ని ధారణ అంటారు. నా దృష్టిలో అసలు పరీక్ష అదే. వినేవాళ్లకే టెన్షన్!

మరో జవాబు: మాటా, రాగమూ రెండూ తనవే అయితే వాగ్గేయకారుడు. అన్నమయ్య, త్యాగయ్య అలాంటివాళ్లు. వేరేవాళ్ల బాణీకి రాస్తే గేయరచయిత.

ప్రశ్న అడిగినవారు: చాలా థాంక్సండీ. మరి జంటకవులు?

జవాబు: ఇద్దరు కలిసి ఒకే పేరుతో రాస్తారు. తిరుపతి వేంకట కవులు అంటే దివాకర్ల తిరుపతి శాస్త్రి, చెళ్లపిళ్ల వేంకట శాస్త్రి. ఇద్దరూ శతావధానులే, అంటే వందమంది పృచ్ఛకులతో అవధానం చేసినవాళ్లే.