‘బేచిరాక్’ గ్రామం అంటే ఏమిటి?

ప్రశ్న: తెలంగాణలో ఒక మండలం రెవెన్యూ గ్రామాల జాబితా చూస్తుంటే ఓ ఊరి పేరు పక్కన ‘బేచిరాక్’ అని ఉంది. తెలుగు మాటేనా? ఇంకో సంగతి: అదే మండలంలో రెండొందల గడపలున్న పల్లె పేరు మాత్రం జాబితాలోనే లేదు. ఎందుకని?

జవాబు: పారసీ మాటండీ. ‘బే’ అంటే లేని, ‘చిరాగ్’ అంటే దీపం. మనం ‘దీపం పెట్టే దిక్కు లేదు’ అంటామే, అదే. బేవార్సు, బేఖాతరు, బేకారుల్లోని ‘బే’ కూడా ఇదే. చివరి ‘గ్’ మన నోట ‘క్’ అయింది. బేచరాక్, బెచిరాక్ అనీ రాస్తారు. మరాఠీలో ‘బేచిరాఖ్’ అయి, సర్వనాశనమైన అనే అర్థానికి పోయింది. రాఖ్ అంటే బూడిద కదా, చెవికి అలా తోచి ఉండొచ్చు.

రెవెన్యూలో మాత్రం అర్థం ఖచ్చితం: కాపురాలు లేవు, భూమి ఉంది. హద్దులు, సర్వే నంబర్లు, పహాణీ (ఏ భూమి ఎవరిది, ఎవరు సాగు చేస్తున్నారు అని రాసే రికార్డు) అన్నీ ఉంటాయి. కలరాకో కరవుకో ప్రాజెక్టు ముంపుకో జనం లేచిపోతారు. మిగిలిన భూమిని పక్క ఊరి నుంచి వచ్చి దున్నుకుంటారు. జనాభా లెక్కల్లో ఆ ఊరి ఎదురుగా సున్నా ఉంటుంది గానీ పేరు కొట్టెయ్యరు.

మరొకరు: రెండో ప్రశ్నకు జవాబు దీనికి సరిగ్గా తిరగేసి చూస్తే దొరుకుతుంది. అక్కడ ఊరు లేకపోయినా పేరుంది. ఇక్కడ ఊరుంది, కాగితం మీద వేరే ఊరిలో భాగం. దీన్ని మజరా అంటారు. అరబీలో ‘మజ్రఅ’ అంటే సాగుభూమి. పొలం దగ్గర గుడిసెలు వేసుకున్నవాళ్లు అక్కడే స్థిరపడితే అదో పల్లె. పేర్లే చెబుతాయి: కొట్టాల, గూడెం, తండా, వలస.

2018 పంచాయతీరాజ్ చట్టంతో తెలంగాణలో 500 జనాభా దాటిన తండాలు, గూడేలు పంచాయతీలయ్యాయి. పంచాయతీ అయినంత మాత్రాన రెవెన్యూ గ్రామం అయిపోదు. ఆన్‌లైన్‌లో భూమి వివరాలు వెతికేటప్పుడు తండా పేరు కొట్టి ‘లేదు’ అనుకునేది ఇక్కడే. అసలు మౌజె, అంటే రెవెన్యూ గ్రామం, పేరు ఎంచుకోవాలి.

ప్రశ్న వేసినవారు: మరి ‘శివారు గ్రామం’?

జవాబు: కోస్తాలో మజరాకే ఆ పేరు. తెలంగాణలో ‘ఊరి శివారు’ అంటే పొలిమేర భూమి. పాత దస్తావేజు చదివేటప్పుడు ఏ ప్రాంతందో చూడకపోతే తప్పు అర్థం వస్తుంది.

తెలంగాణలో మజరా పల్లె ఎంత పాతదో తేల్చాలంటే ముందు మౌజె సేత్వార్ (నిజాం కాలపు భూమి సర్వే రిజిస్టరు) తీయండి, తర్వాత 1954-55 ఖాస్రా పహాణీ (సర్వే నంబర్ల వారీగా రాసిన ఆ ఏటి భూమి రికార్డు). పల్లె ఇప్పుడున్న సర్వే నంబరు పట్టుకుని రెండింట్లో పోల్చండి. మొదటిదాంట్లో సాగుభూమిగా ఉండి, రెండోదాంట్లో ఇళ్ల ప్రస్తావన వస్తే ఆ మధ్యలో వెలిసిందన్న ఊహకు ఆధారం దొరికినట్టే. ఖాస్రాలో ఇళ్లు కనబడకపోతే మాత్రం లేవని తీర్మానించొద్దు. అది భూమి లెక్క, ఇళ్ల లెక్క కాదు.

మరొకరు: ఆంధ్ర కాగితాల్లో పల్లె పేరుకీ అసలు ఊరి పేరుకీ మధ్య ‘హెచ్/ఓ’ అని ఉంటుంది. హామ్లెట్ ఆఫ్ అన్నమాట. తెలుగులోకి మార్చేవాళ్లు దాన్ని హస్బెండ్ ఆఫ్ అనుకుని ‘భర్త’ అని రాస్తే, పల్లె వెళ్లి ఊరికి మొగుడవుతుంది!