చర్చ: నాన్న కట్టిన ఇల్లు ఉంచాలా, డెవలప్‌మెంట్‌కి ఇచ్చేయాలా?

లాసన్స్ బే ఆడపడుచు:
నమస్కారం అండీ. మా నాన్నగారు ఆర్కిటెక్ట్. 1971లో విశాఖ లాసన్స్ బే కాలనీలో 420 గజాల్లో మా ఇల్లు తనే గీసి, దగ్గరుండి కట్టించారు. ఆయన పోయి మూడేళ్లయింది. బిల్డర్ ఫ్లాట్లు సగం సగం అంటున్నాడు. తమ్ముడికి ఇష్టమే. నేనే సంతకం పెట్టలేకపోతున్నాను.

కిందటేడు బోస్టన్‌లో ఉన్న మా అమ్మాయి దగ్గరికి వెళ్లాను. అది నన్ను లింకన్ అనే ఊళ్లో వాల్టర్ గ్రోపియస్ అనే ఆర్కిటెక్ట్ ఇల్లు చూడ్డానికి తీసుకెళ్లింది. 1919లో జర్మనీలో బౌహౌస్ అనే డిజైన్ స్కూలు పెట్టింది ఆయనే. నాజీల కాలంలో దేశం వదిలి, హార్వర్డ్‌లో పాఠాలు చెప్పడానికి వచ్చి, 1938లో భార్యాకూతుళ్లతో ఉండడానికి ఈ ఇల్లు కట్టుకున్నాడు. ఇప్పుడు హిస్టారిక్ న్యూ ఇంగ్లాండ్ అనే సంస్థ చూసుకుంటోంది. టికెట్ కొనుక్కుని గైడ్ వెంట తిరగాలి. వాళ్ల కుర్చీలు, సామాన్లు అలాగే ఉన్నాయి. కిటికీ ముందు, మొగుడూ పెళ్లాం పక్కపక్కనే కూర్చుని పనిచేసుకున్న పొడవాటి బల్ల కూడా ఉంది. దక్షిణం వైపు సన్‌షేడ్ ఎండాకాలం ఎండని ఆపి, చలికాలం ఎండని లోపలికి రానిస్తుంది. ఇంటి బయట గుండ్రంగా తిరిగే ఇనుప మెట్లు ఉన్నాయి. కూతురు హాల్లోంచి రాకుండా నేరుగా మేడ మీదికి వెళ్లడానికట. అంత పేరున్న మనిషి, పిల్ల రాకపోకల కోసం ఇంటి ముందువైపే ఆ మెట్లు పెట్టాడు. వాటి ముందు నిలబడితే నాకు మా వంటిల్లు గుర్తొచ్చింది.

మా నాన్నమ్మ కత్తిపీట ముందు కింద కూర్చుని కూరలు తరిగేది. అమ్మ నిలబడి వండుకోవడానికి గట్టు కట్టించిన నాన్న, నాన్నమ్మ కూర్చునే మూలలో మాత్రం కిటికీని నేలకి జానెడున్నర ఎత్తులో పెట్టించారు. కూర్చుంటే గాలి సూటిగా ముఖానికే తగులుతుంది. కొలత తప్పు రాశారనుకుని మేస్త్రీ గోడ నడుము దాకా లేపేస్తే, నాన్న దాన్ని పడగొట్టించి మళ్లీ కట్టించారట.

ఈ ఇల్లు ఉంచుకుని, చూడాలనుకున్నవాళ్లని రానిస్తే తప్పా?

సైట్ ఇంజినీర్:
అమ్మా, వినడానికి కష్టంగా ఉన్నా చెప్పాలి. మీరు చూసింది చెక్క ఫ్రేము ఇల్లు, సముద్రానికి దూరం. మీది బీచ్ పక్కన కాంక్రీటు ఇల్లు. ఉప్పుగాలి కాంక్రీటులోకి దిగితే లోపలి ఇనుప ఊచ తుప్పు పడుతుంది. తుప్పు ఉబ్బి స్లాబ్ పెచ్చులు ఊడతాయి. పైన సిమెంటు పూసినా లోపల తుప్పు ఆగదు. 2014లో హుద్‌హుద్ తుఫాను తర్వాత ఈ కాలనీల్లో నేను చూసిన పాత ఇళ్లన్నీ ఇంతే. చూడ్డానికి వచ్చినవాళ్ల తల మీద పెచ్చు పడితే ఎవరు జవాబు చెప్తారు? అక్కడ ఒక సంస్థ ఉంది. ఇక్కడ మీ తర్వాత ఎవరున్నారు?

మద్దిలపాలెం:
ఆస్తి ఇద్దరిదీ కదండీ. తమ్ముడికి పిల్లల చదువులుంటాయి, ఆయన్ని తప్పు పట్టలేం. ఆ కిటికీ కొత్త ఫ్లాట్‌లో కూడా అదే ఎత్తులో పెట్టించుకోవచ్చు.

ఆర్కిటెక్చర్ నాలుగో సంవత్సరం:
మేడమ్, దయచేసి ఇవ్వకండి. 2018లో ఆర్కిటెక్చర్‌లో పెద్ద అవార్డు ప్రిట్జ్‌కర్ వచ్చిన బాలకృష్ణ దోషి గారు అహ్మదాబాద్‌లో భార్య కమల గారి పేరు పెట్టి కట్టుకున్న ఇంటి ప్లాన్ నేను బోలెడుసార్లు గీశాను. కానీ ప్లాన్ గీసినంత మాత్రాన గాలి ఎటు నుంచి వస్తుందో ఒంటికి తెలియదు. మన బీచ్ రోడ్డులో కురుసుర సబ్‌మెరైన్‌ని 2002 నుంచి జనం చూస్తున్నారు. ఆ ఇరుకు తలుపులోంచి వంగి దూరినప్పుడే నావికులు ఎలా బతికారో నాకు అర్థమైంది. ఎవరైనా కింద కూర్చుంటేనే మీ నాన్నమ్మ గారి కిటికీ అర్థమవుతుంది.

లాసన్స్ బే ఆడపడుచు:
అందరికీ థ్యాంక్స్ అండీ. ఇంజినీర్ గారూ, మీరన్నది నిజమే. కారిడార్‌లో రెండు చోట్ల ఊచ బయటపడింది. ముందు స్లాబ్ టెస్ట్ చేయిస్తాను. పనికిరాదంటే మొండికెయ్యను, మనుషుల ప్రాణాల కన్నా ఇల్లు ఎక్కువ కాదు.

మద్దిలపాలెం గారూ, ఇంకో నిజం కూడా చెప్పాలి. ఆ కిటికీలోంచి ఒకప్పుడు సముద్రం కనిపించేది. ఎదురుగా అపార్ట్‌మెంట్ లేచాక కనిపించడం లేదు. కానీ మధ్యాహ్నం మూడు దాటితే పక్క సందులోంచి గాలి ఇప్పటికీ అదే ఎత్తున వస్తుంది. నాలుగో అంతస్తు ఫ్లాట్‌లో జానెడున్నర ఎత్తున కిటికీ పెడితే గ్రిల్ బిగించుకోవాలి, దాని ముందు కూర్చునే మనిషి కూడా ఉండాలి. నాన్న ఆ కిటికీ పెట్టింది ఒక మనిషిని చూసి.

బాబూ, నీ ఫ్రెండ్స్‌ని తీసుకుని టేపులతో శనివారం రండి, భోజనం మా ఇంట్లోనే. ఇల్లు ఉన్నా పోయినా ప్రతి కొలతా రాసి ఉండాలి. స్లాబ్ బాగుంటే మేడ ఆఫీసుకి అద్దెకిచ్చి, ఆ డబ్బులో సగం తమ్ముడికిస్తాను. కింద వాటా మాత్రం అలాగే ఉంచి, నెలకో ఆదివారం చూడ్డానికి తెరుద్దామని నా ఆలోచన. డబ్బు విషయంలో వాడికి ఫ్లాట్లంత గిట్టదు, అది నాకూ తెలుసు.

ఆ మర్నాడు ఆదివారం వాడు వస్తున్నాడు. లెక్కలు మాట్లాడుకునే ముందు వాణ్ణి మూడు గంటలకి ఆ కిటికీ దగ్గర కింద కూర్చోబెడతాను. వాడు పుట్టేసరికే నాన్నమ్మ లేదు.