కెమీ బేడ్‌నాక్: ఏరు దాటాక తెప్ప తగలేసిందా, అసలు తెప్ప ఎక్కిందా?

థేమ్స్_ఒడ్డున · 3 నవంబర్ 2024

నిన్న కన్జర్వేటివ్ పార్టీకి కొత్త లీడర్ వచ్చింది, కెమీ బేడ్‌నాక్. ఆమెకి 53,806 ఓట్లు, రాబర్ట్ జెన్రిక్‌కి 41,388. మొన్న జూలైలో 121 సీట్లకి పడిపోయి, తన చరిత్రలోనే ఎన్నడూ లేనంత చిత్తుగా ఓడిన పార్టీ ఇది. బ్రిటన్‌లో ఇంత పెద్ద పార్టీని ఒక నల్లజాతి మనిషి నడపడం ఇదే మొదటిసారి.

నేనున్న తెలుగు వాట్సాప్ గ్రూపులు మూడు, మూడింట్లోనూ నిన్నట్నుంచి ఒకటే మాట: ఏరు దాటాక తెప్ప తగలేసే రకం. కుటుంబం నైజీరియాది, అయినా వలసల మీద ఇంత గట్టిగా మాట్లాడుతుంది, అదీ కోపం. 2022లో సరిగ్గా దీపావళి రోజున రిషి సునాక్ లీడర్ అయినప్పుడు స్వీట్లు పంచుకున్న ఫొటోలు అవే గ్రూపుల్లో ఇంకా ఉన్నాయి, ఓపికుంటే వెనక్కి స్క్రోల్ చేసుకోండి. నా ప్రశ్న ఇది. అమ్మానాన్న బయటి దేశం వాళ్లయినంత మాత్రాన ఆమె వలసదారుల తరఫున మాట్లాడాలని ఆశించడం న్యాయమేనా? నాకైతే కాదనిపిస్తోంది. తిట్టేవాళ్లు తిట్టండి, కారణం చెప్పి తిట్టండి.

స్లౌ_శీను

న్యాయమే అన్నా, ఎందుకు కాదు? 16 ఏళ్లప్పుడు లేగోస్ నుంచి వచ్చి మెక్‌డొనాల్డ్స్‌లో పనిచేస్తూ చదువుకున్నానని ఆమే ఎన్నోసార్లు చెప్పుకుంది. 2017లో పార్లమెంటులో మొదటి ప్రసంగంలో అయితే నేనూ ఒకరకంగా మొదటి తరం వలసదారునే అనేసింది. పైకి రావడానికి ఆ కథ కావాలి, వచ్చాక అదే కథ ఉన్న మిగతావాళ్లు వద్దు.

పాతకాపు

శీనూ, ఒక్క దిద్దుబాటు. ఆవిడ పుట్టింది లండన్‌లోని వింబుల్డన్‌లో, 1980 జనవరిలో. 1983కి ముందు ఈ దేశంలో పుట్టిన బిడ్డకి, తల్లిదండ్రులు ఎవరైనా సరే, దౌత్యాధికారుల పిల్లలు తప్ప, పుట్టుకతోనే పౌరసత్వం వచ్చేసేది. ఆ చట్టం మారడానికి మూడేళ్ల ముందు పుట్టింది కాబట్టి 16 ఏళ్లప్పుడు తిరిగొచ్చినా వీసా క్యూలో నిలబడలేదు. తెప్ప తగలేసిందంటున్నారు, ఆవిడ తెప్ప ఎక్కితే కదయ్యా! ఈ ఒడ్డున పుట్టి, ఆ ఒడ్డున పెరిగి, మళ్లీ ఈ ఒడ్డుకి వచ్చింది. 90ల్లో బయటి దేశాల డాక్టర్లకి ఇక్కడ పెట్టే ప్లాబ్ పరీక్ష రాసి, చేతిలో నాలుగు నెలల డబ్బుతో దిగిన నాలాంటి డాక్టర్లది తెప్ప ప్రయాణం.

ఆవకాయ_అక్క

పాతకాపు గారూ, మీరు ఆవిడని వెనకేసుకొచ్చారో, ఇంకా గట్టిగా తిట్టారో నాకర్థం కాలేదు 🙂

మా పాప మిల్టన్ కీన్స్‌లో పుట్టింది, 2021లో. నాది వర్క్ వీసా, మా ఆయనది డిపెండెంట్. పాపకి ఐదో వారంలో పాస్‌పోర్ట్ ఫొటో తీయాలి. మంచం మీద తెల్ల దుప్పటి పరిచి పడుకోబెట్టాం. కళ్లు తెరిస్తే నోరు తెరుస్తుంది, నోరు మూస్తే నిద్రపోతుంది. గంటన్నర పట్టింది. అంతా చేస్తే వచ్చింది ఇండియన్ పాస్‌పోర్ట్. పుట్టిన ఊరు దగ్గర మిల్టన్ కీన్స్, జాతీయత దగ్గర ఇండియన్. నాకు శాశ్వత నివాసం వస్తేనో, పాప ఇక్కడే పదేళ్లు పెరిగితేనో గానీ బ్రిటిష్ అవదు. ఆవిడకి పురిట్లోనే దక్కింది నా కూతురికి దక్కలేదు. నా బాధ దాని గురించి, ఆవిడ ఒంటి రంగు గురించి కాదు.

ఇంకొకటి, ప్రసూతి సెలవు జీతం మితిమీరిందని సెప్టెంబర్‌లో అంది. తర్వాత నన్ను తప్పుగా అర్థం చేసుకున్నారంది, సరే. చట్టప్రకారం వచ్చేది మొదటి ఆరు వారాలు జీతంలో 90 శాతం, ఆపైన 33 వారాలు వారానికి మహా అయితే 184 పౌండ్లు. ఇక్కడి అద్దెలు కడుతూ ఆ 184తో ఎవరైనా ఒక నెల బతికి చూపించాలి, అప్పుడు మాట్లాడదాం.

బెజవాడ_బుల్లోడు

విజయవాడ నుంచి చూసేవాడిగా ఒక మాట. లక్షకి కాస్త తక్కువ మంది మామూలు కార్యకర్తలు ఓటేసి నాయకురాలిని ఎన్నుకున్నారు, లెక్క కూడా బయట పెట్టారు. మన దగ్గర ఢిల్లీ నుంచి సీల్డ్ కవర్ వస్తుంది, లేదంటే నాన్న తర్వాత అబ్బాయి. మీరు ఆవిడని తిట్టండి గానీ ఆ పద్ధతిని తిట్టకండి.

రెడింగ్_రామం

బుల్లోడూ, ఆ పద్ధతిలో కూడా మతలబులుంటాయి. కార్యకర్తల దాకా వచ్చేది చివరి ఇద్దరే, ఆ ఇద్దరినీ తేల్చేది ఎంపీలు. అక్టోబర్ 8న ఇంకో పోటీదారు జేమ్స్ క్లెవర్లీకి 39 ఓట్లు, అందరికంటే పైన. మర్నాటికి 37, అందరికంటే కింద, ఇంటికి. బేడ్‌నాక్ 42, జెన్రిక్ 41. ఎంపీలు అతితెలివికి పోయి, ఎదుటివాడిని తప్పించబోయి తమవాడినే ముంచుకున్నారని అందరూ నవ్వుకున్నారు. ఎన్నికలు ఎక్కడైనా ఎన్నికలే.

అసలు విషయానికొస్తే నాకు ఆవిడ నచ్చింది. నేను టోరీలకే, అంటే ఈ కన్జర్వేటివ్‌లకే ఓటేస్తాను, దాచుకునేదేం లేదు. 2023 జూన్‌తో ముగిసిన ఏడాదిలో వచ్చినవాళ్లలోంచి వెళ్లినవాళ్లని తీసేస్తే లక్షల్లో తేలింది, అదీ మా పార్టీ ప్రభుత్వంలోనే. ఇళ్లు చాలవు, డాక్టర్ అపాయింట్‌మెంట్ దొరకదు. ఇండియన్ అయితే ఈ మాట అనకూడదా? నేను కట్టేదీ పన్నే.

ఓరుగల్లు_పోరడు

రామం అన్నా, లఫ్‌బరోలో మాస్టర్స్ చేస్తున్న, నా లెక్క కూడా విను. రీసెర్చ్ కోర్సు కాకపోతే స్టూడెంట్ వీసా మీద భార్యని తీసుకురావడం బంద్ అయింది 2024 జనవరిలో. వీసాతో పాటు కట్టే హెల్త్ సర్‌చార్జి ఏడాదికి 624 పౌండ్ల నుంచి 1,035 అయింది ఫిబ్రవరిలో. వర్క్ వీసాకి కావాల్సిన జీతం 26,200 నుంచి 38,700కి ఎగిరింది ఏప్రిల్‌లో. ఇదంతా ఎవరి హయాం? మనం స్వీట్లు పంచుకున్న సునాక్‌దే. చేతికి దారం కట్టుకుంటాడు, ఇంటిముందు దీపాలు పెడతాడు అని మనం మురిసిపోయినం, ఆయన పని ఆయన చేసుకుపోయిండు. ఈమె ఇంకా ఏం చేయకముందే తిడుతున్నరు. ముఖం చూసి బొట్టు పెట్టడం అంటే ఇదే కదా.

థేమ్స్_ఒడ్డున

నేను అడగాలనుకున్నది తమ్ముడు నాకంటే బాగా అడిగాడు.

స్లౌ_శీను · 13 డిసెంబర్ 2024

పాత చర్చని మళ్లీ పైకి తెస్తున్నందుకు క్షమించాలి, కానీ శాండ్‌విచ్ గొడవ చూశారా 😂 మధ్యాహ్నం తీరిగ్గా కూర్చుని తినడం చేతకానివాళ్ల పని, శాండ్‌విచ్ అసలు తిండే కాదు, తడి బ్రెడ్డు ముట్టుకోను అని ఒక ఇంటర్వ్యూలో చెప్పింది. అంతే, ప్రధాని ఆఫీసు నుంచి అధికారికంగా జవాబు: శాండ్‌విచ్ గొప్ప బ్రిటిష్ సంప్రదాయం, స్టార్మర్ గారికి ట్యూనా శాండ్‌విచ్ ఇష్టం అని!

మా ఆఫీసులో బడ్జెట్ వచ్చిన రోజు కూడా ఎవరూ నోరు విప్పలేదు. మా టీమ్‌లో ఒక పెద్దాయన ఉన్నాడు, నాలుగేళ్లలో నాతో వాతావరణం తప్ప వేరే మాట మాట్లాడలేదు. నిన్న గుడ్డు శాండ్‌విచ్ ప్లాస్టిక్ డబ్బా విప్పుతూ, ఆవిడ మా అమ్మ చేసినవి తిని ఉంటే ఇలా అనదు అన్నాడు, నిజంగా నొచ్చుకున్నట్టు. ఆయన పక్కనే నా పెరుగన్నం డబ్బా. ఏమనాలో తెలియక ఆవకాయ ముక్క కొరికాను. వలసల మీద అన్ని మాటలంటే లేని కోపం రొట్టె ముక్క మీద అంటే వచ్చింది, ఇదేం దేశమో.

ఆవకాయ_అక్క

ఒక్క విషయంలో ఆవిడతో ఏకీభవిస్తున్నాను. శాండ్‌విచ్ తిండి కాదు.

పాతకాపు

నవ్వులాట సరే. ఆ వారమే నైజీరియా ఉపాధ్యక్షుడు కాషిమ్ షెట్టిమా ఆవిడ మీద విరుచుకుపడ్డాడు. పుట్టింటి దేశం గురించి అంత చులకనగా మాట్లాడేదానివి, కావాలంటే పేరులోంచి కెమీ తీసేసుకో అని. ఆవిడేమో తాను అక్కడి యోరుబా తెగ మనిషినని, నైజీరియా మొత్తాన్ని తన నెత్తిన రుద్దొద్దని అంది. ఇది చదివితే నవ్వొచ్చింది. లండన్‌లో మనం ఆంధ్రా సంఘం, తెలంగాణ సంఘం వేరువేరుగా పెట్టుకుని, మళ్లీ అందరం ఇండియన్లమని ఒక సంఘం పెట్టుకోలేదూ.

ఆవకాయ_అక్క · 7 ఫిబ్రవరి 2025

ఇప్పుడు నవ్వండి. నిన్న ఆవిడ తొలి పెద్ద విధానం ప్రకటించింది. వర్క్ వీసా మీద వచ్చినవాళ్లకి శాశ్వత నివాసం ఐదేళ్లకి కాదు, పదేళ్లకట. ఆ తర్వాత పౌరసత్వానికి ఏడాది బదులు ఐదేళ్లు ఆగాలట. వెరసి 15. నాకు ఇంకో 14 నెలలు ఉంది, ఫ్రిజ్ మీద క్యాలెండర్‌లో పాప స్టిక్కర్లు అంటిస్తోంది నెలకొకటి. రాత్రి నిద్ర లేదు, టెన్షన్‌తో ఉన్నాను.

రెడింగ్_రామం

అక్కా, కంగారు పడకండి. ప్రతిపక్షం చెప్పింది చట్టం కాదు, 121 మందితో ఏమీ జరగదు. అయినా పదేళ్లు మరీ అన్యాయమేమీ కాదనుకుంటాను. శాశ్వత నివాసం అనేది ఊరికే ఇచ్చేది కాదు కదా, ఈ దేశంతో బంధం ఉందని చూపించాలి.

ఓరుగల్లు_పోరడు

అన్నా, మీకు ఎప్పుడొచ్చింది?

రెడింగ్_రామం

2012లో.

ఓరుగల్లు_పోరడు

ఎన్నేళ్లకి?

రెడింగ్_రామం

ఐదు. అప్పటి నియమం అది తమ్ముడూ, నేను పెట్టింది కాదు.

ఓరుగల్లు_పోరడు

అయితే తెప్ప తగలేసింది ఎవరో దొరికిండు. పాతకాపు గారు చెప్పినట్టు ఆమె ఎక్కనే లేదు పాపం.

థేమ్స్_ఒడ్డున

తమ్ముడూ, మరీ అంత ఘాటు వద్దు. రామం మనసులో మాట దాచకుండా చెబుతున్నాడు, గ్రూపుల్లో చాలామంది ఇదే అనుకుంటూ బయటికి మాత్రం ఆవిడని తిడతారు. నేనూ 2014లో ఐదేళ్లకే తీసుకున్నా, నన్ను కూడా అనాలి మరి.

స్లౌ_శీను · 13 మే 2025

అన్నా, గ్రూపుల్లో మళ్లీ మొదలైంది. ఈ నెల 1న స్థానిక ఎన్నికల్లో టోరీలు 670కి పైగా సీట్లు పోగొట్టుకున్నారు, దాదాపు అన్నే సీట్లు, వలసల మీద ఇంకా గట్టిగా మాట్లాడే నైజల్ ఫరాజ్ రిఫార్మ్ పార్టీ గెలిచింది. 6న ఇండియాతో వాణిజ్య ఒప్పందం. కంపెనీ డెప్యుటేషన్ మీద మూడేళ్ల దాకా ఇక్కడికొచ్చే ఇండియన్లు నేషనల్ ఇన్సూరెన్స్ (ఇక్కడ జీతంలోంచి కోసే సామాజిక భద్రత చందా) కట్టక్కర్లేదు, ఇండియాలో పీఎఫ్ కడతారు కాబట్టి. మన ఐటీ వాళ్లకి పండగే. దాన్ని పట్టుకుని ఇది రెండు రకాల పన్ను, మంత్రిగా ఉన్నప్పుడు నేను ఇందుకే ఒప్పుకోలేదు అంటుంది బేడ్‌నాక్. ఇలాంటి ఏర్పాటు బ్రిటన్‌కి 50 దాకా దేశాలతో ఉంది. ఇండియా అనగానే అదేదో దోపిడీ అయిపోయిందా? ఇది చూశాక కూడా ఆవిడ మీద సానుభూతి చూపించేవాళ్లకి దండం.

రెడింగ్_రామం

దీంట్లో నేనూ శీను పక్షమే. ఆ మాట నాకు గుచ్చుకుంది.

ఆవకాయ_అక్క

నిన్న లేబర్ ప్రభుత్వమే శ్వేతపత్రం తెచ్చింది, శాశ్వత నివాసం మామూలుగా పదేళ్లకట. ఫిబ్రవరిలో రామం గారు 121 మందితో ఏమీ జరగదన్నారు. మూడు నెలలు తిరిగేసరికి ఎదుటి పక్షం ఎత్తుకుంది. ఫరాజ్‌కి భయపడి అంటారు, కావచ్చు. ఆవిడ గెలుస్తుందా ఓడుతుందా అని మనం ఆరు నెలలు కొట్టుకున్నాం, గెలవకుండానే పని అయిపోయింది. ఇప్పటికే ఇక్కడున్నవాళ్లకి వర్తిస్తుందో లేదో తేలలేదు. స్టిక్కర్లు అంటించడం మానలేదు, పాపకి ఏం చెప్తాం.

పాతకాపు

అమ్మా, మీ ఎంపీకి ఉత్తరం రాయండి. మీ దగ్గర బ్రిటిష్ పాస్‌పోర్ట్ లేకపోయినా మీరు ఓటరే, ఆ సంగతి మనవాళ్లలో సగం మందికి తెలియదు. కామన్వెల్త్ పౌరులు ఇక్కడ నివాసముంటే పార్లమెంటు ఎన్నికల్లో కూడా ఓటేయొచ్చు. పోయిన జూలైలో దేశమంతా టోరీలు కొట్టుకుపోతుంటే లెస్టర్ ఈస్ట్‌లో మాత్రం శివానీ రాజా లేబర్ చేతిలోంచి సీటు లాక్కుంది. అక్కడి ఇండియన్ ఓట్లు లేకుండా అయ్యే పనా?

ఓరుగల్లు_పోరడు

నేను ఈ నెల 1న వేసిన సార్. కౌంటీ కౌన్సిల్‌కి. చర్చి హాలు లోపల ప్లైవుడ్ డబ్బా, దారంతో కట్టిన పెన్సిల్. పెన్సిలేంది, చెరిపేస్తే ఎట్ల అని కాసేపు అక్కడే నిలబడ్డ. మన నీలం పాస్‌పోర్ట్ చూపిస్తే ఆ పెద్దమ్మ పేరు పలకడానికి మూడుసార్లు ప్రయత్నించి, చివరికి జాబితాలో గీత కొట్టి చీటీ ఇచ్చింది. ఎవరికి వేసిన్నో చెప్పను, రామం అన్నకి మళ్లీ కోపం వస్తది. బయటికొచ్చి వరంగల్‌కి వీడియో కాల్ చేస్తే అమ్మ వేలు చూపించమంది. చూపిద్దామంటే సిరా చుక్క పెట్టరాయె. వేసినవో లేదో నాకేం తెలుసు బిడ్డా అని ఫోన్ పెట్టేసింది.